అడుగు

షెఫీల్డ్‌లో దార్లు నేను గుర్తుపెట్టుకున్నది
కొండల్ని బట్టి కాదు, మరుగుదొడ్లను బట్టి.
పార్కు కెఫే వెనకాల ఒకటి,
తొమ్మిదైతే గానీ తాళం తియ్యరు.
మిల్లు చెరువు దాటాక ఏమీ లేదు,
ఒత్తుగా పెరిగిన బ్లాక్‌బెర్రీ పొద తప్ప.

నల్ల లెగ్గింగ్సే కొంటాను.
బూడిద రంగువి ఒక జత ఉంది, ట్యాగు తియ్యలేదు.
పరుగుకి ముందు రెండుసార్లు వెళ్లొస్తాను,
గుక్కెడు నీళ్లతో నాలుక తడుపుకుంటాను.
దిగుడులో అందరూ రెక్కలొచ్చినట్టు పోతారు.
నేను తొడలు దగ్గర పెట్టుకుని
బాతులా దిగుతాను.
మోకాలు నొప్పి అని చెప్పాను.
మోకాలికి పరువుంది,
దాని గురించి ఎక్కడైనా చెప్పుకోవచ్చు.

ఫిబ్రవరిలో, జిమ్ములో, తాడాట.
ముప్పై ఏడో గెంతు.
నేలమీద పడింది చెమటేనన్నట్టు
తువ్వాలు వేసి పాదంతో తుడిచాను.
పక్కన తాడు చుట్టుకుంటున్న గ్వెన్, అరవయ్యారేళ్ల మనిషి,
నా వైపు చూడకుండానే అంది:
"నాకు ఇరవై రెండేళ్లుగా. ఎవర్నీ అడగలేదు.
నువ్వు అడుగు."
ఆమె అన్నది ఇంగ్లీషులోనే.
ఆ చివరి మాట మాత్రం నాకు తెలుగులో వినపడింది.

ఫిజియో పేరు మెరీడ్.
చేతిలో ప్లాస్టిక్ కటి ఎముక,
దాని లోపల ఎర్ర రబ్బరు కండరం
ఉట్టిలా వేలాడుతూ.
మీ భాషలో దీన్నేమంటారు, అంది.
వెతికాను.
అమ్మ "కింద" అనేది.
నాయనమ్మ అదీ అనేది కాదు, కళ్లతో చూపించేది.
గిన్నెకుంటుందే, అది, అన్నాను చివరికి:
అడుగు.
"అదుగు," అని రెండుసార్లు పలికి
నా కాగితం మీద రాసుకుంది.

ఇద్దరు పిల్లల తల్లివి కదా, మామూలే, అన్నారు డాక్టరు, అన్నాను.
"చాలామందికి ఉంటుంది.
ఉండి తీరాలని కాదు."

గట్టిగా బిగించమంటుందనుకున్నా.
వదలమంది.
తొమ్మిదేళ్లుగా మూసే ఉంచావు,
మూసిన పిడికిలి దేన్ని పట్టుకుంటుంది?
ఊపిరి తీస్తూ వదులు,
ఊపిరి విడుస్తూ మెల్లగా పైకెత్తు.
బరువెత్తే ముందు, దగ్గే ముందు,
గెంతే ముందు.

నాకు వదలడం రాలేదు.
ఆ బల్లమీద వెల్లకిలా పడుకుని
పైకప్పు పలకలు లెక్కపెడుతూ
ఎందుకో ఏడ్చాను. ఆమె గడియారం చూడలేదు.

పద్నాలుగు వారాలైంది.
తాడాట అరవై దాకా వచ్చింది.
జలుబు చేసిన రోజు ఇప్పటికీ నమ్మలేను.
బూడిద జతకి ట్యాగు అలాగే ఉంది.
పొద దగ్గర నిన్న ఆగాను, పళ్లు కోసుకోడానికి.

అక్కడే, దిగుడు మొదట్లో,
క్లబ్బుకి కొత్తగా వచ్చిన ఫ్రేయా నిలబడిపోయింది.
మోకాలు నొప్పి, అంది.

వేళ్ల నిండా ఊదారంగు రసం నాకు.
"ఏ మోకాలు?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించింది.