ఊదకుండా

ముందు ఫ్యాన్ ఆపేస్తాను.
ఏప్రిల్ నెల, ప్రొద్దుటూరు, పగలు రెండు గంటలు,
రేకుల కింద మేమిద్దరం, మా చెమట.
"నీ ఆవగింజల కోసం మనుషులు ఉడికిపోవల్లనా"
అంటాది కామాక్షి,
కొంగుతో విసురుకుంటా పక్కింటికి పోతాది.

ఆవగింజను పక్కన పెట్టి చూసినాను నేను.
ఆవగింజే గుమ్మడికాయ మాదిరి ఉండాది.
కొర్రగింజలో సగం ఇది, ఇంకా తక్కువేనేమో.
రెండు కొసల్లో వెండి పూత, నడుమ మట్టిరంగు.
వేలిముద్ర గీతల మధ్య ఇరుక్కుంటే
ఇంక లేనట్టే.

మొదటి దినం చేసిన తప్పు చెప్తా.
పొగ లేచింది.
ముప్పై ఏండ్ల అలవాటు, పెదాలు సున్నా చుట్టి
ఉఫ్ అన్నాను.
ఏడు గింజలు వరసగా పేర్చినవి,
ఏడూ లేవు.

మోకాళ్ళ మీద కూర్చోని నేలంతా కుంచెతో చిమ్మినాను,
మా నాయన కుంపటి చుట్టూ చిమ్మినట్టే, కాగితం మీదికి.
అప్పుడు ఆ దుమ్ముకు వెల ఉండె.
ఏడాదికొక తూరి మూటకట్టి కొనుక్కోని పోయేవాళ్ళు,
ఏటిలో కడిగి ఎంత తీసేవాళ్ళో
మాకు మాత్రం చెప్పేవాళ్ళు కాదు.
ఈ ఏడు గింజలూ కలిపి ఎంత, పది రూపాయలు కూడా కాదు.
రెండు దొరికినాయి.
ఒకటి గింజే. ఇంకోటి చీమ తల.

మస్తాన్‌వలీ పడీపడీ నవ్వినాడు.
మైదుకూరు రోడ్డులో సెల్‌ఫోన్ అంగడి వానిది,
చచ్చిన బోర్డులు బొరుగుల కవర్లో పోసిచ్చింది వాడే.
"మామా, ఊదేది మిషను. నువ్వు ఊదొద్దు.
నీ పని ఊపిరి బిగబట్టేది."

ఊదుగొట్టంతో బతికినోనికి
ఆ మాట ఎట్ల తగుల్తాదో వానికేం తెలుసు.
బుగ్గల్లో గాలి నిలబెట్టి, ముక్కుతో పీలుస్తా,
మంటను సూది మొన చేసి
జుంకీ కొసన పొడి కరిగించే విద్య
తొమ్మిదో ఏట నేర్పినాడు నాయన.
ఇప్పుడు గాలికొక బిళ్ళ, వేడికొక బిళ్ళ.
మూడువందల ఇరవై. గాలి రెండు.
బంగారమైతే రంగు చూపించి చెప్తాది, చాల్లే, తియ్యి అని.
ఈ బూడిదరంగు గుజ్జుకు నోరు లేదు.

వారం దినాలు
గింజలు ఒంటికాలి మీద లేచి నిలబడినాయి,
ఒక కొస బోర్డు మీద, ఇంకో కొస గాల్లో.
సమాధిరాయి అంటారంట దాన్ని ఈ పనిలో.
నాకైతే తుమ్మకొమ్మకు ఎగబడిన మేకపిల్ల.

ఎనిమిదో దినం నాయన మాట గుర్తుకొచ్చింది.
"పెద్దదాన్ని ముందు కాగనీరా.
చిన్నది దాని ఎనకాలే వస్తాది."
గాలిని గింజ మీద పెట్టకుండా
పక్కనున్న వెడల్పాటి రాగి మీద తిప్పినాను,
చుట్టూ, చుట్టూ,
పసిబిడ్డ తలకు సాంబ్రాణి పొగ పట్టినట్టు.
గుజ్జు బూడిద వదిలింది. తడిమెరుపు.
వంకరగా పడిన గింజ
ఒక్కసారి ఒళ్ళు విదిలించి
తన చోట్లోకి తానే జరిగి కుదురుకునింది.
నేను ముట్టలా.
కామాక్షీ అని కేకేసినాను. పలకలా.

అలమరలో మా తూకం మిషను ఉండాది,
రెండేండ్లయింది అది కన్ను తెరిచి.
చెడిపోయినప్పుడు బాగు చేయించలా నేను.
అప్పటికే అచ్చుపోసిన కమ్మలు అంగళ్ళలో
అట్టపెట్టెలకు అట్టపెట్టెలు దిగుతా ఉండె.
విప్పినాను. మస్తాన్ మీటరు పెట్టి
"ఇదిగో, ఇదే మామా" అని చూపించిన గింజ తీసేసినాను.
ఫ్లక్సు పూసినాను, మేం వెలిగారం పూసినట్టు.
ఇంకోటి కూర్చోబెట్టినాను.

మీట నొక్కితే
ఎర్రగా ఎనిమిదులు, తర్వాత సున్నా, చుక్క,
మూడు సున్నాలు.
తూయడానికి గురిగింజెత్తు బంగారం ఇంట్లో లేదు.

శ్రావణంతో ఒక గింజ తీసి పళ్ళెంలో పెట్టినాను.
కామాక్షి ఎప్పుడొచ్చిందో, భుజం మీదుగా వంగింది.
ఆఖరి సున్నా ఒకటయ్యింది.
మళ్ళీ సున్నా. మళ్ళీ ఒకటి.
గింజదో, మా ఇద్దరిలో ఎవరి ఊపిరిదో ఆ బరువు.

"ఫ్యాన్ వేసేదా?" అనింది.
"ఉండు," అన్నాను, "ఇంకొంచేపు."