పాలలెక్క పుస్తకంలో పిట్ట

మురకంబట్టులో మా ఇంటి కాలింగు బెల్లు
మోగక రెండేండ్లు.
వైరు మాత్రం తలుపు పక్కన
తెగిన జడ మాదిరి వేలాడతా ఉండాది.
ఏప్రిల్ ఆఖరున ఆ వైరుకి
బూజు తెచ్చి చుట్టింది తేనెపిట్ట.

నేను చూళ్ళేదు.
మిషను మీద వంచిన తల
సూదిలో దారం తప్పితేనే ఎత్తేది.
చూసింది మునిచరణ్,
రెండో తరగతి అయిపోయి పనీపాటా లేనోడు.
"మా, పిట్ట నీ దారాలు ఎత్తకపోతా ఉంది."

నిజమే.
వళ్ళెమ్మక్క జాకెట్టులో మిగిలిన
కనకాంబరం రంగు పోగొకటి
గూటి చూరుకింద గాలికి ఊగతా ఉంది.
"కూలి అడుగు మా" అన్నాడు వాడు.

ఆ పూటనుంచీ మాకు వీధి తలుపు లేదు.
గ్యాసు బండ సెల్వం పక్క సందులోంచి,
పాలామె గోడమీదనుంచి చెంబు అందిస్తా,
కొలతలిచ్చే ఆడోళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టి
అంట్ల గోలెం దాటుకోని.
ధరణి అట్టముక్క మీద రాసి తగిలించింది:
"పురుడిల్లు. వెనకగా రండి."
కట్టమంచినుంచి మా ఆయన మేనత్త
ఎవరికి, ఎన్నో నెల అనైనా అడక్కుండా
గిన్నెనిండా కాయం చేసి పట్టకొచ్చింది.
పిట్టని చూపించినాం.
కాసేపు చూసి, కాయం మేమే తిన్నాం.

పాలలెక్క పుస్తకంలో వీళ్ళ రాత:

మే 4. పాలు లీటరు. గుడ్లు రెండు. అద్దం పెట్టి చూసినాం.
మే 5. పాలు అర. అద్దం పెట్టొద్దని అమ్మ తిట్టింది.
మే 9. పాలు లీటరు. నల్లగా మెరిసేది మొగుడంట.
పొదగడు. మునగ కొమ్మ మీద కూచోని పాడతాడు.
నాన్న మాదిరే పగలంతా ఖాళీ.

దానికింద మా ఆయన పెన్ను, చిన్న అక్షరాలు:
"నైటు డ్యూటీ కూడా రాయండి."

నడిమిలో జాతర వచ్చింది.
పంబల మోత వీధి మలుపు తిరగతానే
ఇద్దరూ ఎదురు పరిగెత్తినారు.
వేపమండల నడుమ, కుంకుమ నీళ్ళకి తడిసి,
పంబలాయన వంగి వాళ్ళ మాట విన్నాడు.
ఏమనుకున్నాడో.
రెండు అరచేతులూ తోలుమీద ఆనించి
మా అరుగునుంచి వళ్ళెమ్మక్క అరుగుదాకా
గజ్జెలతోనే పోయినాడు.
గంగమ్మ తల్లి కూడా ఆ ఏడెనిమిది అడుగులూ
మునివేళ్ళ మీద నడిచినట్టుంది.

మే 18. పాలు లీటరు. ఒకటి పగిలింది. నోరు పెద్దది.
మే 21. పాలు అర. రెండోది పగల్లేదు.
మే 24. రెండోది.

ఆ రోజు పాల సంగతి రాయలేదు.
నెలాఖర్లో పాలామెతో తగువైంది
ఆ లీటరుకే.

పిల్ల ఎగిరిపోయిన పొద్దు ఎవురం చూళ్ళేదు.
నెలంతా కాపలా కాసినోళ్ళు,
పల్పు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టరు
గుంతలో పడి తోతాపురి కాయలు రోడ్డంతా దొర్లితే
గోనెసంచి తీసుకోని పోయినారు.
తిరిగొచ్చేసరికి
వైరు కొంచెం ఊగతా ఉంది, అంతే.
చరణ్ సంచి దించలేదు.
దాన్ని వీపున మోస్తానే
గూటికింద శానాసేపు నిలబడినాడు.

ధరణి వేలు పెట్టి చూసింది.
"ఉండాది మా. చల్లగా."
తీయమని నేను చెప్పలేదు. అది తీయలేదు.

మా ఆయన కొత్త బెల్లు తెచ్చినాడు.
డబ్బాలోనే ఉంది, బీరువా పైన.
తలుపు తీసినాం. అట్టముక్క విప్పేసినాం.
సెల్వం మాత్రం ఇప్పుటికీ సందులోంచే.
ఊరంతా వినేట్టు బండ ఎత్తేసే మనిషి
మా ఇంట్లో దాన్ని
నిద్రపోయే బిడ్డని దించినట్టు దించి,
రసీదు చించి,
వైరుకేసి ఒకసారి చూసి
చెప్పులు చేత్తో పట్టుకోని పోతాడు.