కౌంటు

"నెలకు ఎంత వస్తుంది?" అని అడిగింది జడ్జమ్మ.
రొయ్యకు నెలలు తెలవవమ్మా, అందామనుకున్నా.
నూరు రోజుల పంట.
కిలోకు ముప్పై తూగితే రాజు, నూరు తూగితే అప్పులోడు,
తెల్లమచ్చ తగిలితే ఆ రెండూ కాదు,
గట్టు మీద సున్నం చల్లుకుంటా తిరిగే మనిషి.
కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరిగే సరుకు మాది.
ఈ లెక్క కోర్టుకు ఎక్కదని
శేషాచలం ప్లీడరు ముందే చెప్పినాడు.

"కౌంటర్లో ఎనిమిదివేలని రాస్తా.
గంగపట్నంలో ఎవరిదో గుంట కాడ కాపలా కూలి.
లీజు కాగితం మీ చిన్నాయన పేరునే గదా ఉండేది?"
ఉండేది ఆయన పేరునే.
సంతకం మాత్రం నాది, మాలకొండయ్య అని.
టైపు మిషను కాడ నిలబడి పెట్టినానేమో
చివరక్షరం కాగితం అంచు దాకా జారిపోయింది.

జడ్జమ్మ జోషితను లోపలికి పిలిచి తలుపేసింది.
పావుగంట.
గుంటలో చెక్ ట్రే దించి
గట్టు మీద బీడీ కాల్చే పావుగంట మాదిరే.
పైకి లాగితే గదా తెలిసేది,
మేత తిన్నాయా, వదిలేసినాయా, ఒంట్లో బాగుండాయా అని.
బిడ్డ బయటికి వచ్చినాక మొహంలోకి చూసినా.
చేతిలో జడ్జమ్మ ఇచ్చిన చాక్లెట్,
విప్పకుండా.

నాలుగువేలు మధ్యంతర భరణం.
బిడ్డ తల్లి కాడ. నాకు రెండో ఆదివారం, నాలుగో ఆదివారం,
పది నుంచి అయిదు దాకా.
గెలిచినామని ప్లీడరు టీ తాగించినాడు.
డబ్బులు నేనే ఇచ్చినా.

మైపాడు గేటు కాడ అప్పగింత.
సుభాషిణి స్కూటీ ఇంజను ఆపదు.
దగ్గు మందు ఎన్నింటికి తాగాల్నో చెప్పుద్ది,
నాకు కాదు, బిడ్డకు.

ట్రంకు రోడ్డు హోటల్లో
జోషిత మెనూ కార్డు కుడిపక్క నుంచి చదివింది.
"బిర్యానీ తిందామా?"
"పెరుగన్నం చాలు. ఇద్దరికీ ఒకటి."
బల్ల కింద చూసినా. బూట్లలో వేళ్లు ముడుచుకోని ఉండాయి.
"బిగుతైనాయా?"
"లే. మెల్లిగా నడిస్తే సరిపోద్ది."
కాసేపటికి పెన్సిల్ డబ్బా తీసి
అడుగున మడిచి పెట్టిన రెండు ఇరవైలు నా చేతిలో పెట్టింది.
"బస్సుకు ఉంచుకో నాన్నా. నీకు ఎనిమిదివేలే గదా.
అమ్మకు చెప్పబాక."

వద్దంటే, ఎందుకు వద్దో చెప్పాల.
తీసుకున్నా.

రాత్రి గుంట కాడ ఆరు ఏరేటర్లు తిరగతానే ఉండాయి.
నీళ్లలో గాలి తగ్గితే తెల్లారేసరికి తేలిపోతాయి.
వాటికి ఊపిరందించే కరెంటు బిల్లే
ఎనిమిదివేలు దాటుద్ది.

సోమవారం ప్లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"భరణం పెంచమని నువ్వే మెమో వేస్తావా?
ఇన్నేళ్లలో ఇట్టాంటి కక్షిదారుని చూళ్లా.
అయ్యా, ముందు అబద్ధపు అఫిడవిట్ వేసినానని ఒప్పుకోవాల.
ఇప్పుడెందుకు చెప్తా ఉండావని ఆమె అడిగితే ఏమంటావు?"
జేబులో నలభై రూపాయలుండాయి.
మడత కూడా విప్పలా.
అవి తీసి చూపిస్తే రుజువు కింద రాసుకుంటారా, అని అడిగినా.
ఆయన నవ్వినాడు.
వాయిదా పద్నాలుగో తారీకు.

ఈలోపల నాలుగో ఆదివారం వచ్చింది.
బూట్లు కొన్నా, ఒక నంబరు పెద్దవి.
అట్టపెట్టె మీద రేటు స్టిక్కరు అంగట్లోనే పీకేసినా.
"ఎంత నాన్నా?"
వినపడనట్టు వంగి లేసులు కడతా ఉండా.
నా తల మీదుగా
పెట్టె ఒళ్లో పెట్టుకోని
జిగురు మిగిలిన చోట
గోటితో గీకతా ఉంది.