పన్నెండో ప్రశ్న

బ్యాంకు ఫారంలో పన్నెండో ప్రశ్న:
'ఈ పరిస్థితిలో వివేకవంతుడు చేసే పనే
రుణగ్రహీత చేశాడా?'
పక్కన రెండు గడులు.
ఊటుకూరు దాటి, ఉప్పుకాలవ గట్టు మీద
బండి ట్యాంకుపై కాగితం పరుచుకుని
ఎండలో నిలబడ్డాను.

మస్తానయ్య గుంట నిండా నీళ్ళున్నాయి.
రొయ్య ఒక్కటి లేదు.
ఆగిపోయిన ఏరేటర్ రెక్కల మీద కొంగలు.
బ్లీచింగ్ వాసన ఇంకా ముక్కు కోస్తోంది.

ఆ రాత్రి మేత చూద్దామని చెక్ ట్రే ఎత్తితే
ఒక్క రొయ్య తలడిప్ప మీద
టార్చి వెలుగులో సున్నపు చుక్కంత
తెల్లమచ్చ.
తొంభై కౌంటు. ఇంకో ఇరవై రోజులాగితే నలభై.
బావమరిది చెంచురామయ్య వేళ్ళ మీద తేల్చాడు:
"తెల్లారేలోగా తూమెత్తెయ్ బావా.
రొయ్యలు వలలోకి, నీళ్ళు కాలవలోకి.
దక్కిందే మిగులు. ఎవురికి తెలస్తాది?"

లెక్కలో తప్పు లేదు.
నేనూ వేసి చూశాను, కాలిక్యులేటర్ మీద, రెండుసార్లు.
తూమెత్తితే నాలుగు లక్షలు.
ఎత్తకపోతే మా అప్పు.
ఆ కాలవ నీళ్ళే తోడుకునే పదిహేడు గుంటలు
కూడికలో ఎక్కడా రావు.

మస్తానయ్య తూము బిగించాడు.
గోనెసంచుల్లో మట్టి కూరి అడ్డమేశాడు.
బ్లీచింగ్ బస్తాలు విప్పాడు.
అర్ధరాత్రి పదిహేడు మందికీ ఫోను చేశాడు,
"నా గుంటకొచ్చింది, మీ తూములు మూసుకోండి" అని.
పదకొండో మనిషి కోదండం
ఫోనెత్తి, చాలాసేపు ఏమీ అనలేదట.
మూడు రాత్రుల ముందే అతని గుంట
కాలవలోకి ఖాళీ అయింది.
పోటొస్తే కింది నీళ్ళు పైకే వస్తాయి.

"ఎందుకట్టా చేశావు?" అడిగాను.
పుణ్యమనో, పరువనో, దేవుడనో
ఒక మాటంటే రాసుకుందామని.
"ఏమో సార్. పొద్దన లేస్తే వాళ్ళ మొకాలే గదా చూడాల."
బీడీ ఆర్పి, మళ్ళీ,
"అదీ కాదులే. చెయ్యి పోలా."

కాలేజీలో ఎకనామిక్స్ మేష్టారు
మనిషిని బోర్డు మీద గీతగా గీశారు.
ఎంతొస్తే అంత కావాలనే గీత.
దానికి నిద్ర రాదు, పక్కింటివాళ్ళుండరు.
ఆ మనిషిని నేను చెంచురామయ్య వేళ్ళలో చూశాను.
నాలోనూ ఉన్నాడనుకుంటా:
లీటరుకు అర్ధరూపాయి తక్కువని
ఆరు కిలోమీటర్లు ఎదురెళ్ళి పెట్రోలు కొట్టించుకుంటాను.
గడప దాటుతుంటే ఎవరో తుమ్మారని
పోయిన నెల ఆడిట్‌కే ఆలస్యంగా వెళ్ళాను.
వివేకవంతుణ్ణి గుర్తుపట్టడం నా ఉద్యోగం.

పదిహేడులో తొమ్మిది గుంటలు నిలిచాయి.
మిగిలినవి కోదండం నీళ్ళకు పోయాయో
కొంగల కాళ్ళకంటుకుని పోయాయో
ల్యాబువాళ్ళూ చెప్పలేకపోయారు.

మేనేజరు ఫోను. "అన్నీ నింపావా?"
"ఒకటి తప్ప సార్."

నిన్న సాయంత్రం కోదండం
రెండు మేత బస్తాలు ఈ షెడ్డు ముందు దించి
మాట్లాడకుండా పోయాడట.
రొయ్యల్లేని గుంటకు మేతెందుకని
చెంచురామయ్య ఇందాకటి నుంచీ నవ్వుతున్నాడు.
సముద్రం వైపు మబ్బు పట్టింది.
మస్తానయ్య ఆ బస్తాల మీదికి పట్టా లాగుతున్నాడు,
ఒక్కడికీ అందడం లేదు.
స్టాండు తీసినవాణ్ణి మళ్ళీ వేసి
వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.