కొటారు మూసే వారం

చిత్త కార్తె మూడో నాడు
గాలి తన వైపు మార్చుకుంది.
పెంచలయ్య ముక్కు ఎగబీల్చి
"ఇంకెంత మేయ్, వారం" అన్నాడు.
సెల్లులో వాన కబురు చెప్పే పిల్ల
అదే మాట మర్నాడు చెప్పింది.

మా వైపు చలికాలం వానతోనే దిగుతుంది.
ఇస్కపల్లి కొటార్లో ఇక ఉప్పు పండదు,
పండినదాన్ని కాపాడుకోవడమే మిగిలింది.

ముందు ఇంజను.
మాఘం నించి దగ్గుతూ దగ్గుతూ
ఉప్పునీళ్ళు తోడిన ముసలిది.
బోల్టు తిప్పితే బోల్టు రాలేదు, తుప్పు వచ్చింది.
కాలిన ఆయిలు పట్టించి, గోతాం చుట్టి,
నలుగురం వాసానికి కట్టి దిబ్బ మీదికి మోశాం.
"ఇది తాగినంత నాకు పోసుంటే
సముద్రాన్ని నేనే తోడేద్దును" అంది కావమ్మ.
నవ్వితే భుజం జారింది. తిట్టుకుంటూ మళ్ళీ ఎత్తాం.

పలకలు ఏడు.
కడిగి, ఆరబెట్టి, షెడ్డు దూలానికి తలకిందులుగా.
నాదానికి పిడి దగ్గర గుంట,
నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి అందులో ఇమడదు.
అయినా ఎర్ర పీలిక ఒకటి కట్టాను.
మనుషులం కదా.

మూడో రోజు గట్లు.
మడమలతో తొక్కి తొక్కి
అద్దంలా చేసిన మడులు,
వాటి గట్లకి మేమే గండ్లు కొట్టాలి.
వాన కొడితే చోటు వానది,
మనం కొడితే చోటు మనది.
ఇది పెంచలయ్య మాట,
వాళ్ళ నాయన మాట కూడానంట.
పార దిగేటప్పుడు మాత్రం
ఆయన మొహం అటు తిప్పుకుంటాడు.

ఇక రాశులు.
మూడు. ఎండలో చూడలేం, కళ్ళు నీళ్ళు కారతాయి.
ఉప్పు సంగతి మీకు తెలీదు.
కుళ్ళదు, పురుగు పట్టదు, ముసలిదవదు,
కానీ పుట్టింటి ధ్యాస పోదు దానికి.
ఒక్క రాత్రి గట్టి వాన పడిందా,
చెప్పాపెట్టకుండా కరిగి, కాలవ పట్టుకుని,
తెల్లారేసరికి సముద్రంలో ఉంటుంది.
అందుకే తాటాకు.
కింది వరస ముందు, పై వరస దాని భుజాల మీదికి,
కొబ్బరి తాడు అడ్డంగా, తాడు కొసకి రాయి.
గుత్తదారు కుర్చీ వేసుకుని ఆకులు లెక్కపెడతాడు,
రాశికి నాలుగు వందలు, ఒకటి ఎక్కువ ఇవ్వడు.
ఆకు అంచు వేలు కోస్తుంది,
ఆ వేలితోనే ఉప్పు ముట్టుకుంటే...
ఆ మాట వదిలెయ్యండి.

సాయంత్రానికి మూడు ఇళ్ళు లేచాయి,
తలుపుల్లేని ఇళ్ళు.
కాపలాకి మస్తాను, వాడి టార్చి, వాడి కుక్క.
వాడి సంచీలో బియ్యం, ఎండుమిరపకాయలు,
అంగట్లో కొన్న ఉప్పు పొట్లం.
మేం చూసి నవ్వాం. వాడు నవ్వలా.
"అది లెక్కలో ఉండే ఉప్పు" అన్నాడు.

రేపటి నించి అల్లూరు చేలల్లో నాట్లు.
మంచినీళ్ళ బురద.
నా మడమల పగుళ్ళు అందులో మెల్లగా మూసుకుంటాయి,
పూర్తిగా మూసుకునేసరికి
మడులు తొక్కడానికి పిలుపొస్తుంది.

ఒకటి ఎవరికీ చెప్పలేదు.
రెండో రాశి ఈశాన్యం మూల
ఆకు ఒకటి తక్కువైంది.
పక్క ఆకు లాగి సర్దాను,
సర్దినట్టు సర్దాను.

అర్ధరాత్రి మొదటి చినుకు.
మా పైకప్పు కారే చోట గిన్నె పెట్టి
ఆ చప్పుడు వింటా పడుకున్నాను.
చెవి మాత్రం ఆ మూలే ఉంది.
గుప్పెడు కరిగి ఉంటుంది.
ఇంకో గుప్పెడు.

పోనీలే,
ఈ ఏడు దాన్నన్నా పంపాను.