నీటి పైకి వచ్చాక

జెజు దీవిలో నా మొదటి చలికాలం.
తెల్లవారుజాము నాలుగున్నర.
చర్చిలో పదకొండు మందిమి,
కిరోసిన్ స్టవ్ దగ్గు.
నా ప్రార్థన మాత్రం గుక్క తిప్పుకోదు:
దేశం, వాతావరణం, యాంగ్ గారి మోకాలు,
పేరుపేరునా, వరుసగా,
సెమినరీలో నేర్పినట్టు.

వెనక బల్ల మీద ఓక్‌సిల్ అవ్వ,
డెబ్బై ఆరేళ్ళ డైవరు,
పెదవి కదపదు.
అప్పుడప్పుడూ ఈలలాంటి ఒక ఊపిరి,
సముద్రంలోంచి తేలాక వాళ్ళు వదిలేది.
కునికిపాటు అనుకునేవాణ్ణి.

ఒకరోజు నా ఆమెన్‌కి ముందే లేచి వెళ్ళిపోయింది.
మనసు చివుక్కుమంది, దాచను.

తర్వాత తెలిసింది,
పదమూడేళ్ళుగా మాటల్లేని మల్‌సున్ ఇంటికట.
ఒక రాతిసందులో నత్తగుల్లల కోసం తెగిన స్నేహం.
ఏం మాట్లాడావని అడిగాను.
"ఏముంది, ముల్లంగి తరుగుతోంది. నేనో కత్తి అందుకున్నా."

"ఎవరు వెళ్ళమన్నారు?"

వల సంచి విదిలిస్తూ నవ్వింది.
"అడుగున ఇంకొక్క గుల్ల కనిపిస్తుంది అయ్యగారూ,
చెయ్యి చాపితే అందేలా.
ఊపిరేమో 'చాలు, పద' అంటుంది.
వినని వాళ్ళను మేం ఒడ్డుకు మోసుకొచ్చాం.
నేను పదమూడేళ్ళు అడుగునే ఉన్నాను."

మర్నాడు జాబితా జేబులోనే ఉంది.
మోకరించాను. మాట రాలేదు.
రప్పించబోయాను, రాలేదు.
స్టవ్ దగ్గింది.
నాలో ఎవరో
నాకంటే ముందే మేలుకుని కూర్చున్నట్టు...
వెనక బల్ల మీద ఈల.
ఆ తర్వాత, సిగ్గుపడేంత గట్టిగా,
నాది.