పోశెట్టి, బోశెట్టి

అరబ్బీల 'ప' అక్షరం లేదట.
టైపింగ్ సెంటర్ల కూసున్న మలబారాయన
ఇరవై దిర్హాములు తీసుకోని చెప్పిండు.
అందుకే కాయిదం మీద
నేను బోశెట్టిని.

కారు గుద్దింది పోశెట్టిని.
అజ్మాన్ల, సనయ్య ఎనుక రోడ్డు మీద,
మగ్రిబ్ అజా ఇస్తున్న యాళ్ల,
సైకిల్ కమ్మీకి పన్నెండు కందూరలు యాలాడేసుకోని
ఇస్త్రీ ఏడి ఇంకా ఆరని తెల్లబట్టలు
ఈపుకు ఎచ్చగ తాకుతుంటె
తొక్కుకుంట పోతున్నది పోశెట్టి.

దావా ఏసింది బోశెట్టి.

తెల్లకారు. పిల్లగాడు దిగిండు, ఫోను చేతులనే ఉన్నది.
తప్పిచ్చుకపోలే, అబద్ధమెందుకు.
నా నెత్తి కింద తన రుమాలు పెట్టిండు.
సీసా మూత తీసి నోట్లె నీళ్లు పోసిండు.
ఆ మూత దొర్లుకుంట ఏడికి పోయిందో యాదికున్నది గని
నా కాలు అప్పుడు ఎటు తిరిగి ఉన్నదో యాదికి లేదు.

పన్నెండు కందూరల లెక్క
రెండు దినాలల్ల తెగింది.
లాండ్రీ సేటు ఒక్కొక్కదాని ధర రాసి
దవాఖాన మంచం మీదనే సంతకం పెట్టిచ్చుకోని
జీతంల పట్టుకున్నడు.
నా మోకాలి లెక్క
పద్నాలుగు నెలలాయె.

ఇన్సూరెన్సోళ్లు అడుగుతరు:
సైకిలుకు ఎనుక లైటు ఉండెనా?
ఉండె సారూ. నా పైసలతోని కొన్న.
మిణుకు మిణుకుమంటుండె.
పగిలిన ఎర్ర ప్లాస్టిక్ తునక
జర్దా డబ్బిల దాసిపెట్టిన.
సూపియ్యమని మాత్రం ఎవ్వలూ అడుగరు.
రూముల అందరు పండినంక
ఒక్కోపారి మూత తీసి సూస్త.
మెరువది. ఎందుకు మెరుస్తది?

డాక్టర్లు ముగ్గురు కూసోని కాలు వంచుమన్నరు.
వంచిన.
ఇంకా అన్నరు.
ఇంకా వంచితే గోడ మీది గడియారం రెండయ్యింది.
నూటికి పద్దెనిమిది అని రాసిండ్రు.

గొంతుకూసోని తినెటోన్ని నేను. అది పోయింది.
ఎదురుగాలిల నిలబడి తొక్కుడు పోయింది.
నిద్రల బొర్ల తిరుగుడు పోయింది.
ఇవన్ని ఆ పద్దెనిమిదిల పట్టినయా,
బయట ఏమన్న మిగిలినయా?
అడుగుదామనుకున్న.
అంతల ఎనుకటోని పేరు పిలిచిండ్రు.

మామిడిపెల్లి సాయిలు అంటడు,
పై మంచం మీదికెళ్లి, మొఖం గోడకు పెట్టి:
"ఇచ్చింది తీసుకోని పో అన్న.
కాలు నీది, ఊరు వాళ్లది."
వాడు నిద్రవోతడు. నేను మెలకతోనుంట.
వాని మాట తప్పని గాదు.

కోర్టుల ఒక్క ముక్క సమజ్ గాదనుకున్న.
నా వంతు అచ్చేదాక చెవి పెట్టి ఇన్న.
వకీల్ అంటున్నరు. వకీలే.
దావా అంటున్నరు. దావానే.
తారీఖ్. హుకుం.
మూడు గుంటల ఒడ్డు కాడ తగాదకు
మా తాత ఆర్మూరు పోయి, ఆర్మూరుకెళ్లి అచ్చి
చెప్పుల లెక్క అరిగించిన మాటలు.
ఇవి ఎప్పుడచ్చినయో మా దిక్కు,
వీసా లేదు, ఏజెంటుకు కట్టింది లేదు,
అచ్చి మా నోళ్లల్ల కాపురం పెట్టినయి.
ఒక్క మాటనన్న ఎవ్వలు ఎనుకకు తోలలే.

బోశెట్టి అని పిలిచిండ్రు.
హాజర్ అన్న.
లేచి నిలబడ్డది పోశెట్టి,
బెంచీ అంచు పట్టుకోని, కుడికాలు మీద.

జడ్జి కాయిదాలు తిరగేస్కుంట ఏదో అన్నడు.
అందుల 'హక్' అన్నది ఇనవడ్డది.
తర్జుమా చేసెటాయన గడియారం సూసుకోని
"అచ్చే నెల పదకొండు" అన్నడు.
"హక్కు అన్నడు గద?"
"అన్నడు. ఎవలిదన్నది పదకొండుకు."

కోర్టు మెట్లు తొమ్మిది.
ఎక్కుడు ఎట్లనో అయితది.
దిగేటప్పుడు లెక్కవెడ్త.